గోడ పడగొట్టిన గుడి

కట్టి పదేళ్లు నిండని చర్చికి గోడ పడగొట్టారంటే మన దగ్గరైతే వాస్తు అనుకుంటాం. అది కాదంటే కాంట్రాక్టరు సిమెంటు మింగేశాడనుకుంటాం. ఫ్రాన్సులో బుర్గుండీ ప్రాంతంలో, ఒక చిన్న గుట్ట మీదున్న తైజే అనే పల్లెలో 1971 ఈస్టరుకి ముందు గోడ తీసేసింది మాత్రం జనం పట్టక. 1962లో కట్టినప్పుడు, ఇంత పల్లెకు అంత పెద్ద గుడి ఎందుకన్న వాళ్లున్నారు. తొమ్మిదేళ్లు తిరిగేసరికి పండక్కి రాబోయే కుర్రకారుకి అది చాలదని తేలింది. సగం మందిని బయట నిలబెట్టడం అక్కడి మఠంలోని బ్రదర్లకు ఇష్టం లేకపోయింది. గోడ తీసేసి, ఆ మేరకు పెద్ద డేరా వేశారు. తర్వాతి కాలంలో డేరా పోయి చెక్క మండపాలు వచ్చాయి, వాటి మీద రష్యా గుళ్లకుండే మాదిరి గుండ్రటి బుడిపెల శిఖరాలొచ్చాయి. లోపల షట్టర్లు పెట్టారు. చలికాలం జనం తక్కువున్నప్పుడు దించుతారు, వేసవిలో ఒక్కొక్కటే ఎత్తుకుంటూ పోతారు. పడగొట్టిన గోడ మాత్రం తిరిగి కట్టలేదు.

ఆ గుడి పేరు సమాధాన మందిరం అని చెప్పుకోవచ్చు. విరోధులు రాజీపడే చోటన్నమాట. దాన్ని కట్టడానికి వచ్చింది జర్మన్ యువకులు. రెండో ప్రపంచ యుద్ధంలో తమ దేశం చేసిన దానికి ప్రాయశ్చిత్తంగా, అప్పుడు దెబ్బతిన్న దేశాలకు వెళ్లి ఏదో ఒకటి కట్టిపెట్టి రావాలని పుట్టిన సంస్థ వాళ్లది.

నేను కూడా జర్మనీ నుంచే వెళ్లాను, బస్సులో. మాది గుంటూరు జిల్లా లూథరన్ కుటుంబం. 1842లో గుంటూరు చేరి మా సంఘాలకు విత్తు వేసిన ఫాదర్ హయ్యర్ వచ్చింది అమెరికా నుంచే గానీ, ఆయన పుట్టింది జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో. నేను ఎమ్మెస్‌కి జర్మనీ వెళ్తున్నానంటే మా చర్చి పెద్దలు ఆ ముక్క మైకులో చెప్పి మరీ ప్రార్థన చేయించారు. తీరా వచ్చి చూస్తే, నేనున్న ఊరి గుళ్లో ఆదివారం ఆరాధనకు కనిపించేవి నెరిసిన తలలే. గాయకబృందంలో నా వయసు వాళ్లు లేరు. యువజనులెక్కడ అని అడిగితే పాస్టరమ్మ నవ్వి, వేసవిలో తైజే బస్సు ఎక్కు, అక్కడుంటారు అంది.

రాత్రంతా ప్రయాణం. ముల్‌హౌస్, బెసాన్సోన్ దాటి సోన్ నది లోయలోకి దిగేసరికి తెల్లారింది. తెల్లటి ఆవులు, కంచెలు, ద్రాక్షతోటలు, మధ్యలో రాతి ఇళ్ల పల్లెలు. పక్కనే క్లూనీ. రోములో ఇప్పుడున్న సెయింట్ పీటర్స్ కట్టకముందు క్రైస్తవ లోకంలో అంతకన్నా పెద్ద గుడి లేదని చెప్పుకునే మఠం అక్కడిదే. ఫ్రెంచి విప్లవం తర్వాత దాన్ని రాళ్లకు అమ్ముకున్నారు, ఇప్పుడు కొద్ది భాగమే మిగిలింది. బస్సులో కుర్రాళ్లకు దాని సంగతి పట్టలేదు, నిద్రపోతున్నారు. నా పక్కసీటులో కూర్చున్న పదిహేడేళ్ల పిల్ల మాత్రం నా సంచీలోంచి వస్తున్న వాసన ఏమిటని అడిగింది. కారప్పొడి. వెళ్లేచోట తిండి చప్పగా ఉంటుందని ముందే విన్నాను.

తైజేలో ఆదివారం అంటే సంత. ఒక వారం వాళ్లు వెళ్లిపోతుంటారు, ఇంకో వారం వాళ్లు దిగుతుంటారు. దూలాలకు వేలాడదీసిన అయిదు గంటల కింద నుంచి లోపలికి నడిస్తే, స్వాగతం చెప్పేవాళ్లూ మనలాంటి కుర్రాళ్లే. పోర్చుగల్ కుర్రాడొకడు మా గుంపును నీడకు తీసుకెళ్లి, తాగడానికిచ్చి, వచ్చీరాని జర్మన్‌లో అంతా వివరించాడు. ఎక్కడ పడుకోవాలి, ఏ వేళకు గంట కొడతారు, మరుగుదొడ్లెటు, నిశ్శబ్దంగా ఉండాల్సిన చోట్లేవి. ఎన్నాళ్ల నుంచి ఇక్కడున్నావని అడిగితే, పోయిన ఆదివారం వచ్చానన్నాడు.

ఇక్కడి పద్ధతే అది. అతిథిగా ఉండే యోగం కొద్ది గంటలే. ఆ సాయంత్రానికే పని పంచేస్తారు. వడ్డించేవాళ్లు, మరుగుదొడ్లు కడిగేవాళ్లు, చెత్త ఎత్తేవాళ్లు, గుళ్లో నిశ్శబ్దం అని రాసిన అట్టముక్క పట్టుకుని నిలబడేవాళ్లు. వేసవిలో వారానికి వేలమంది వచ్చినా జీతానికి పెట్టుకున్న పనివాళ్లు కనపడరు. కొన్ని నెలలు ఉండిపోయే వాలంటీర్లు, 1960ల నుంచీ పక్క ఊళ్లో ఉండి సాయపడుతున్న సెయింట్ ఆండ్రూ సిస్టర్లు, బ్రదర్లు, మిగిలిందంతా వచ్చినవాళ్లే. నాకు గిన్నెలు పడ్డాయి. మనిషి కూర్చుని స్నానం చేసేంత గిన్నెలు. మోచేతుల దాకా సబ్బునీళ్లు, ఒకవైపు స్వీడన్ పిల్లలు, ఒకవైపు స్పెయిన్ వాళ్లు, మధ్యలో పాటలు.

రాత్రి ఫోనులో అమ్మకు ఈ సంగతి చెప్పాను.

"పిలిచి గిన్నెలు కడిగించడమేమిటే? అదేం మర్యాద?"

అమ్మ బాధ నాకు తెలుసు. మా ఇంటికొచ్చిన చుట్టం తిన్న కంచం ఎత్తబోతే అమ్మ లాగేసుకుంటుంది. నాలుగు కూరలు, గారెలు, పెరుగు, మళ్లీ మళ్లీ వడ్డన, వద్దంటే అలక. ఆ మర్యాదలో ప్రేమ లేదని నేనెప్పుడూ అనను. కాకపోతే అందులో వచ్చినవాళ్లు వచ్చినవాళ్లుగానే ఉండిపోతారు. కుర్చీలోంచి లేవనివ్వం. ఇల్లు మాది, నువ్వు అతిథివి అని గారె గారెకూ గుర్తుచేస్తూనే ఉంటాం. తైజేలో వడ్డించేది ఒక గిన్నె పప్పో, మెత్తగా ఉడికిన మాకరోనీయో, ఒక రొట్టె, ఒక ఆపిల్, రెండు బిస్కెట్లు. చాకు ఉండదు, ఫోర్కు ఉండదు, చెంచా ఒక్కటే. పొద్దున రొట్టెలోకి వెన్న, చాక్లెట్ ముక్కలు, పిడిలేని గిన్నెలో టీ. వెన్నను చెంచా వెనకతో పూసుకోవాలి. తిండి విషయంలో మా అమ్మకు తలవంపులే. కానీ మర్నాటి మధ్యాహ్నానికల్లా గిన్నెల షెడ్డులో నన్ను "నువ్వెక్కడి నుంచి" అని అడగడం మానేసి "ఆ పెద్ద బ్రష్షు ఎక్కడ పెట్టావు" అని అడగడం మొదలుపెట్టారు. రెండో ప్రశ్న నాకు ఎక్కువ నచ్చింది.

ఇదంతా మొదలైంది మాత్రం ఒక ముసలావిడ పెట్టిన భోజనంతో. 1940 ఆగస్టులో స్విట్జర్లాండు నుంచి ఒక పాతికేళ్ల ప్రొటెస్టెంట్ యువకుడు సైకిలు మీద ఇటువైపు వచ్చాడు. పేరు రోజే షూట్స్. అప్పటికే ఫ్రాన్సు ఓడిపోయింది. ఉత్తర భాగం జర్మన్ల చేతిలో ఉంది, దానికీ మిగిలిన భాగానికీ మధ్య గీసిన సరిహద్దు ఈ పల్లెకు దగ్గర్లోనే. పారిపోయి వచ్చేవాళ్లకు ఆసరాగా ఉండే ఇల్లు కావాలి అతనికి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఫ్రాన్సులో ఉన్న వాళ్ల అమ్మమ్మ కాందిశీకులకు తలుపు తీసిపెట్టిందని వింటూ పెరిగినవాడు. తైజేలో అమ్మకానికున్న ఇల్లు చూడ్డానికి వస్తే, ఊళ్లో ఒక ముసలావిడ అన్నం పెట్టి, మేమిక్కడ ఒంటరివాళ్లం, ఉండిపో నాయనా అందట. వేరే చోట్ల కూడా ఇళ్లు చూశాడు గానీ ఆ మాట దగ్గర ఆగిపోయాడు. లోకమంతా తైజే ఆతిథ్యం గురించి చెప్పుకుంటుంది. ముందు ఆతిథ్యం పొందినవాడు ఆయనే.

తర్వాతి రెండేళ్లు ఆ ఇంట్లో ఆయన, అక్క జెనెవియేవ్ కలిసి కాందిశీకుల్ని దాచారు. వాళ్లలో యూదులున్నారు. కుళాయి లేదు, ఊరి బావి నుంచి నీళ్లు మోసుకోవాలి. దగ్గర్లోని మిల్లులో చౌకగా దొరికే మొక్కజొన్న పిండితో జావ కాచుకునేవాళ్లు. ఇక్కడిదాకా ఇలాంటి కథలు మనం విన్నవే. నన్ను పట్టేసింది దీని తర్వాతి ముక్క. రోజే ఆ ఇంట్లో అందరి ముందూ ప్రార్థన చేసేవాడు కాదు. పాడుకోవాలనిపిస్తే ఇంటికి దూరంగా అడవిలోకి పోయేవాడు. ప్రార్థించుకోవాలనుకునేవాళ్లు ఎవరి గదిలో వాళ్లు చేసుకుంటే మంచిదని జెనెవియేవ్ వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పేది. ఇంట్లో యూదులున్నారు, దేవుణ్ని నమ్మనివాళ్లున్నారు. ఆశ్రయం ఇచ్చినవాడి ప్రార్థనలో కలవాలేమోనన్న మొహమాటం వాళ్లకు రాకూడదని.

ఇది చదివిన సాయంత్రం నేను చాలాసేపు మా వైపు సంగతులే ఆలోచించాను. యవనస్తుల కూడికకు ఎవరినైనా పిలుచుకొస్తే మాకు పండగ. కొత్తగా వచ్చినవాళ్లు చేతులెత్తండి అంటాం, పేరడుగుతాం, ముందుకు పిలిచి ప్రార్థన చేస్తాం, మళ్లీ వారం రాకపోతే ఇంటికెళ్లి అడుగుతాం. ప్రేమతోనే. కానీ ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టి, నా పాట నీకు బరువు కాకూడదని అడవిలోకి పోయి పాడుకునే ఓపిక మాలో ఎంతమందికుంది? కాబోయే పాస్టరే ఆయన. దేవుడి మాట చెప్పకుండా రెండేళ్లు ఊరుకోవడం ఆయనకు తేలికై ఉండదు.

ఇంట్లో కాందిశీకుల్ని దాచిన సంగతి ఎవరో చెప్పేశారు. 1942 నవంబరులో ఆయన స్విట్జర్లాండులో ఉండగా, తిరిగి రావద్దని కబురొచ్చింది. 1944లో మరికొందరు సహోదరులతో తిరిగొచ్చాడు. అప్పటికి బల్ల తిరగబడింది. ఇప్పుడు చుట్టుపక్కల శిబిరాల్లో బందీలుగా ఉన్నది జర్మన్ సైనికులు. అనుమతి తీసుకుని ఆదివారాలు వాళ్లను ఇంటికి పిలిచి, ఉన్నదాంట్లో భోజనం పెట్టడం మొదలుపెట్టారు. యుద్ధంలో ఇంటి మనుషుల్ని పోగొట్టుకున్న పల్లెల మధ్య, నిన్నటి శత్రువుకి విస్తరి వేయడమంటే ఊరి చూపు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. నలిగినవాణ్ని చేరదీస్తే లోకం మెచ్చుకుంటుంది. నలిపిన పక్షం వాణ్ని చేరదీస్తే నీ వాళ్లే నిన్ను అనుమానిస్తారు. నా దృష్టిలో తైజే పుట్టింది 1940లో కాదు, ఆ ఆదివారం భోజనాల్లో. యుద్ధంలో తల్లిదండ్రులు పోయిన సుమారు ఇరవై మంది మగపిల్లల్ని జెనెవియేవ్ తెచ్చి పెంచింది కూడా ఈ కాలంలోనే. 1949 ఈస్టరుకి ఏడుగురు జీవితాంతం కలిసి ఉంటామని మాటిచ్చుకున్నారు. మొదట అందరూ ప్రొటెస్టెంట్లే. తర్వాత కేథలిక్కులూ చేరారు. ఇప్పుడు ఇంచుమించు ముప్పై దేశాలవాళ్లున్నారు.

ఈ బ్రదర్లు తమ కోసం కానుకలు పుచ్చుకోరు. మట్టిపాత్రలు చేసి, పుస్తకాలు వేసి అమ్ముకుని బతుకుతారు. ఇంట్లోంచి ఆస్తి వాటా వస్తే అది కూడా పేదలకు పోవాల్సిందే. వచ్చినవాళ్ల దగ్గర మకాం ఖర్చులకు తీసుకుంటారు గానీ, ఏ దేశం నుంచి వచ్చావన్నదాన్ని బట్టి ఆ మొత్తం మారుతుంది. కానుకల సంచీ ఎటు తిరుగుతుందో చూసుకోవడం అలవాటైన నాకు గుళ్లో అది కనపడకపోవడం మొదట్లో వెలితిగానే అనిపించింది.

ఇక ప్రార్థన. రోజుకు మూడుసార్లు గంటలు మోగుతాయి. పొద్దున, మిట్టమధ్యాహ్నం, రాత్రి ఎనిమిదిన్నరకు. గుళ్లో బల్లల్లేవు, అందరూ నేల మీదే. ఇందులో మాత్రం నేను మిగతావాళ్ల కన్నా ముందున్నాను. బాసింపట్టు వేసుకుని కూర్చోవడం చేతకాక జర్మన్ కుర్రాళ్లు కాళ్లు ఎటు పెట్టాలో తెలియక అవస్థ పడుతుంటే, నేను మా ఊరి చర్చిలో చాప మీద కూర్చున్నంత సుఖంగా కూర్చున్నాను. తెల్లటి అంగీలు వేసుకున్న బ్రదర్లు మధ్యలో బారుగా మోకరిస్తారు. ముందు నారింజరంగు తెరలు పైకి సాగి ఉంటాయి, వాటి కింద చిన్నచిన్న దీపాలు. ప్రసంగం లేదు. ఒక చిన్న వాక్యం, దాన్నే మళ్లీ మళ్లీ పాడతారు. లాటిన్, స్పానిష్, పోలిష్, జర్మన్. జాక్ బెర్తియే అనే ఫ్రెంచి స్వరకర్త వీటిలో చాలావాటికి బాణీలు కట్టాడు. ఎవరి భాషా ఎవరికీ పూర్తిగా రాని గుంపు కలిసి పాడాలంటే పాట పొట్టిగా ఉండాలన్నది అందులోని కిటుకు.

మొదటి రోజు నాకు విసుగొచ్చింది. చరణం మీద చరణం కథ నడిచే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల మీద పెరిగినదాన్ని. ఒకే ముక్క ఇరవైసార్లు పాడితే ఇంకెప్పుడు ముందుకెళ్తారు అనిపించింది. దాని తర్వాత మౌనం. పది నిమిషాల దాకా, వేలమంది, దగ్గు తప్ప శబ్దం లేదు. ఉజ్జీవ సభల్లో నాలుగు స్పీకర్ల మధ్య ప్రార్థించిన మనిషికి ఆ మౌనం భయంగా కూడా ఉంటుంది. బుధవారం నాటికి అలవాటైంది. మెచ్చుకునే స్థాయికి వచ్చానని చెప్పను, మా కీర్తనలే నాకు గొప్ప. కానీ ఆ మౌనంలో ఎవరూ నన్ను ఏమీ అనమని అడగలేదు. నమ్మకం లేని పిల్లలు కూడా ఆ గుంపులో ఉన్నారు, మా బస్సులోనే ముగ్గురు నలుగురు. వాళ్లూ కూర్చున్నారు.

పొద్దున ఒక బ్రదర్ బైబిలు భాగం వివరిస్తాడు, తర్వాత చిన్న గుంపులుగా చెట్ల కింద కూర్చుని మాట్లాడుకోవాలి. ఒకరోజు అబ్రాహాము కథ వచ్చింది. మమ్రే దగ్గర, మంచి ఎండలో, డేరా గుమ్మంలో కూర్చున్న ముసలాయనకు ముగ్గురు మనుషులు కనపడతారు. లేచి పరిగెడతాడు, నీళ్లు, రొట్టెలు, దూడమాంసం. మా గుంపులో ఒకరు గమనించారు, అబ్రాహాము వాళ్ల పేరు అడగలేదని. ఎవరు, ఎక్కడి నుంచి, ఎందుకొచ్చారు, ఏదీ అడగలేదు.

అప్పుడు పోలండ్ అమ్మాయి మాట్లాడింది. క్రిస్మస్ ముందు రాత్రి వాళ్లింట్లో బల్ల మీద ఒక ప్లేటు ఎక్కువ పెడతారట, అనుకోని అతిథి కోసం. ప్రతి ఏడూ పెడతారు, ప్రతి ఏడూ అది ఖాళీగానే ఉంటుంది. ఎవరైనా నిజంగా తలుపు కొడితే ఏంచేస్తామని చిన్నప్పుడు తమ్ముడూ తనూ నవ్వుకునేవాళ్లట. "2022లో కొట్టారు," అంది. ఉక్రెయిన్ నుంచి ఒక తల్లి, ఇద్దరు పిల్లలు. తన గది ఇచ్చేసి తను వంటింటి పక్కన పడుకుంది. మొదటి నెల చాలా గొప్పగా ఉందట. మూడో నెలకు ఫ్రిజ్‌లో ఎవరి పెరుగు ఎవరిది అని లోపల్లోపల లెక్కలు మొదలయ్యాయట. ఇది చెబుతూ ఆమె సిగ్గుపడలేదు. ఆతిథ్యం మీద ఆ వారమంతా నేను విన్న మాటల్లో నాకు బాగా నమ్మకం కలిగించినది ఆ పెరుగు మాటే.

నా వంతు వచ్చింది. ఇండియా అంటే వాళ్లకు అతిథిదేవుడు లాంటి మాటలు తెలుసు, అలాంటిదేదో చెబుతాననుకున్నారు. నేను మా అమ్మమ్మ చెప్పిన టీకొట్టు సంగతి చెప్పాను. ఊరివాళ్లకు గాజు గ్లాసు, మావాళ్లకు చూరులో దోపిన వేరే గ్లాసు, తాగి కడిగి మళ్లీ అక్కడే పెట్టాలి. ఆ అవమానం నుంచి లేవడానికే మా తాతల తరం చర్చి మెట్లెక్కింది, బడి మెట్లెక్కింది. ఇంతవరకు చెప్పి ఆపొచ్చు, అందరూ జాలిగా తల ఊపుతున్నారు. కానీ మిగతా సగం ఉంది. మా ఊళ్లో రెండు లూథరన్ చర్చీలున్నాయి. ఒకే సినడు, ఒకే కీర్తనల పుస్తకం, మధ్యలో ఒక చిన్న రోడ్డు. ఒకటి మాలపల్లెది, ఒకటి మాదిగపల్లెది. క్రిస్మస్‌కి మా పాటల బృందం రాత్రంతా ఇల్లిల్లూ తిరుగుతుంది, ఆ రోడ్డు దాటదు. వాళ్ల బృందమూ ఇటు దాటదు. గొడవలేం లేవు, పెళ్లికి పిలిస్తే వెళ్లి వస్తాం. పాట మాత్రం దాటదు.

సినడు అంటే అర్థమైంది గానీ మిగతాది జర్మన్‌లో చెప్పడానికి నాకు మాటలు చాల్లేదు. పోర్చుగల్ కుర్రాడు ఒక్కటే అడిగాడు: రోడ్డు ఎంత వెడల్పు?

శుక్రవారం రాత్రి ప్రార్థన అయ్యాక సిలువ బొమ్మ గీసిన పెద్ద చెక్కను నేల మీద పడుకోబెడతారు. ఎవరికి వాళ్లు మోకాళ్ల మీద జరుగుతూ వెళ్లి, దాని మీద నుదురు ఆనించి, తమ బరువునీ, వేరేవాళ్ల బరువునీ అక్కడ పెట్టి వస్తారు. వరస చాలాసేపు నడుస్తుంది. నాతో గిన్నెలు తోమిన స్వీడన్ అమ్మాయి నాకు ముందుంది. ఆ పిల్ల దేవుణ్ని నమ్మనని సోమవారమే చెప్పింది. ఎందుకు వెళ్లిందో నేను అడగలేదు.

ఈ గుళ్లోనే 2005 ఆగస్టు 16 రాత్రి ప్రార్థనలో, మానసికంగా దెబ్బతిన్న ఒక స్త్రీ బ్రదర్ రోజేని కత్తితో పొడిచి చంపింది. ఆయనకు తొంభై ఏళ్లు. చుట్టూ రెండున్నర వేలమంది యువకులున్నారు. గేట్లు, తనిఖీలు ఉంటే ఆయన బతికేవాడేమో. సమాధి కార్యక్రమంలో తర్వాతి పెద్దగా వచ్చిన బ్రదర్ అలోయిస్ ఆ స్త్రీని దేవుడు క్షమించాలని ప్రార్థించాడు. గుడి తలుపులు మునుపటిలాగే తెరిచి ఉంచారు.

తెరిచిన తలుపుకి ఇంకో వైపు కూడా ఉంది. 2019 జూనులో బ్రదర్ అలోయిస్ తనే బయటికొచ్చి, గత దశాబ్దాల్లో కొందరు బ్రదర్లు మైనర్ల మీద లైంగిక దాడులకు పాల్పడ్డారని ప్రకటించాడు, ఆ వివరాలు న్యాయాధికారులకు అందజేశాడు. నమ్మి వచ్చినవాళ్లకు ఆ ఇంట్లోనే జరిగిన ద్రోహమది. ఈ సంగతి చెప్పకుండా తైజే గురించి పొగుడుతూ రాస్తే నాకు అన్నం సహించదు. మన సంఘాల్లో ఇలాంటివి బయటపడితే దేవుడి నామానికి అవమానమని కప్పెట్టే పెద్దల్ని చూశాను. రమ్మని పిలిచేవాళ్ల మీద, వచ్చినవాళ్లను కాపాడే పూచీ కూడా ఉంటుంది.

ఇంకొక చిక్కు కూడా నన్ను వదల్లేదు. ఈ గుట్ట మీద ఎవరికైనా చోటుంది, గుట్ట దాకా రాగలిగితే. నాకు జర్మనీ నివాస పత్రం ఉంది కాబట్టి సరిహద్దులో ఎవరూ లేపలేదు. గుంటూరులో ఉన్న మా పిన్ని కూతురు రావాలంటే బ్యాంకు కాగితాలు, ఇంటర్వ్యూ, వీసా. ఇది బ్రదర్లకు తెలియంది కాదు. అందుకే రమ్మనడంతో ఆగకుండా వాళ్లే వెళ్తుంటారు. బంగ్లాదేశ్‌లోని మైమెన్‌సింగ్‌లో వాళ్లవాళ్లు దశాబ్దాలుగా పేదల మధ్య ఉంటున్నారు. 1985లోనూ, 1988లోనూ మద్రాసులో పెద్ద యువజన కూటాలు పెట్టారు. 2015 నవంబరులో ఫ్రాన్సులోనే ఉన్న కాలే రేవు దగ్గర మురికి డేరాల్లో చిక్కుకున్న సూడాన్, అఫ్గానిస్తాన్ యువకుల్ని కొందర్ని తైజేకి తెచ్చుకున్నారు. వాళ్లలో ముస్లింలే ఎక్కువ. అడవిలోకి పోయి పాడుకున్న మనిషి ఇంటికి అది కొత్త కాదు.

తైజే వాళ్లు ఏడాది చివర జరిపే కూటాల సంగతి నాకు బాగా నచ్చింది. 1978లో పారిస్‌లో మొదలైంది. ప్రతి ఏడూ ఒక యూరప్ నగరం. వేలమంది కుర్రాళ్లు వస్తారు, హోటళ్లలో కాదు, ఊరివాళ్ల ఇళ్లలో దిగుతారు. రెండు చదరపు మీటర్ల నేల ఉంటే చాలని ఇంటివాళ్లకు చెబుతారు. మంచం అక్కర్లేదు, పొద్దున కాస్త టిఫిను పెడితే చాలు. బెర్లిన్ గోడ పడిన కొన్ని వారాలకే, 1989 చివర, ఆ కూటం పోలండ్‌లోని వ్రోత్స్‌వాఫ్‌లో జరిగింది. గదులు ఇరుకు, సరుకులు కరువు, అయినా జనం ఇళ్లు తెరిచారు. మా గుంపులోని పోలండ్ అమ్మాయి వాళ్ల అమ్మమ్మ ఇంట్లో అప్పుడు ఇద్దరు ఇటాలియన్లు పడుకున్నారట. వాళ్లు ఇంకా కార్డులు పంపుతున్నారు.

శనివారం పల్లె చివరికి నడిచాను. పాత రాతి చర్చి, దాని పక్కన సమాధుల దొడ్డి. బ్రదర్ రోజే సమాధికి ఒక మామూలు చెక్క సిలువ, మిగతా బ్రదర్ల వాటి మాదిరిగానే. పూలమొక్కలు. చలువరాయి లేదు, మండపం లేదు. మన దగ్గర ఒక మోస్తరు పాస్టరుగారి సమాధి కూడా దీని కన్నా ఘనంగా ఉంటుంది. ఊళ్లో ఒక రైతు ట్రాక్టరు ఆపి, దారి అడ్డంగా నడుస్తున్న కుర్రాళ్ల గుంపు తప్పుకునేదాకా ఓపిగ్గా కూర్చున్నాడు. రెండొందల మంది కూడా లేని పల్లె. ప్రతి వేసవీ వాళ్ల ముంగిట్లోంచి లోకమంతా నడుచుకుంటూ పోతుంది. ఆతిథ్యం లెక్కల్లో వాళ్ల వాటా ఎవరూ రాయరు.

ఆదివారం పొద్దున బస్సెక్కే ముందు రెండు గంటలు ఖాళీ ఉంటే, గంటల కింద నిలబడి కొత్తవాళ్లకు చోటు చూపించే పనికి వెళ్లాను. కొరియా నుంచి ఒక గుంపు దిగింది. చాకు ఉండదు, చెంచాతోనే అని చేతులతో చూపించాను. మరుగుదొడ్లు ఎడమవైపు. కారప్పొడి సీసా అడుక్కి వచ్చింది, మిగిలింది వాళ్లకిచ్చేశాను. వాళ్ల దగ్గర అంతకన్నా ఘాటైనదేదో ఉంది, నవ్వుతూ నాకు రుచి చూపించారు.

బస్సులో అమ్మ ఫోను చేసింది. గిన్నెలు పూర్తయ్యాయా అని వెటకారం. నేను సూటిగా అడిగేశాను. "ఈ క్రిస్మస్‌కి పాటల బృందం రోడ్డు దాటి అటు వెళ్తే ఎలా ఉంటుందమ్మా? మనమే ముందు వెళ్తే?"

కాసేపు ఏమీ అనలేదు. వెనకాల కుక్కరు విజిలు వినపడింది.

"వెళ్లి వాళ్లింటి ముందు పాడితే వాళ్లు వద్దంటారా ఏమన్నా," అంది. తర్వాత గొంతు తగ్గించి, "మీ పెదనాన్నతో మాత్రం నువ్వే మాట్లాడు. నన్ను మధ్యలోకి లాగకు."

పెదనాన్న మా చర్చి కోశాధికారి. నంబరు నా ఫోనులో ఉంది. బస్సు బెసాన్సోన్ దాటాక చేశాను. ఎత్తలేదు, ఆరాధనలో ఉన్నట్టున్నాడు. సాయంత్రం మళ్లీ చేయాలి.